ఏం కహా? ఏం సునా?

మా మామూ హజ్‌కు పోయే ముందు మాఫీ అడగడానికి బోయిగూడలో సగం మందిని దావత్‌కు పిలిచాడు. పేరు మౌలా అలీ. మా అమ్మీకి సొంత అన్న. షేర్వాణీలు కుట్టే పెద్ద దుకాణం ఉంది, గొంతు అంతకన్నా పెద్దది.

హజ్‌కు పోయేవాళ్లు తెలిసినవాళ్లందరి దగ్గరికీ వెళ్లి "కహా సునా మాఫ్ కర్నా" అంటారు. అన్నదీ విన్నదీ క్షమించమని. అవతలివాళ్లు "మాఫ్" అంటారు, కౌగిలించుకుంటారు, బిర్యానీ తింటారు. ఏమన్నారో, ఏం విన్నారో ఎవరూ అడగరు. ఆ అడగకపోవడంలోనే ఉంది సుఖమంతా. మామూకు ఆ సుఖం ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

రెండేళ్ల కింద నేను బేగంపేటలో ఒక కాల్ సెంటర్‌లో చేరాను. షగుఫ్తా అంటే అమెరికావాళ్లకు నోరు తిరగదని ఆఫీసువాళ్లు నాకు షెర్లీ అని పేరు పెట్టారు. రాత్రి డ్యూటీ అయ్యాక తెల్లారేసరికి ఆఫీసు క్వాలిస్ బండి నన్ను గల్లీ మొదట్లో దింపేది. అది చూసిన మామూ నన్ను ఒక్క మాట అడగలేదు. నేరుగా ఆఫీసు గేటుకు వెళ్లి షగుఫ్తా ఉందా అన్నాడు. వాచ్‌మన్‌కు తెలిసింది షెర్లీయే. ఆ పేరుగల పిల్ల ఇక్కడ లేదన్నాడు. ఆ శుక్రవారం నమాజు అయ్యాక మసీదు మెట్ల మీద మామూ నలుగురికీ చెప్పాడు.

"ఆఫీసుల దాని పేరే లేదు. పొద్దుగాల ఎక్కడికెల్లి దిగుతదో ఆ అల్లాకే తెలుసు."

వారం తిరక్కుండా నా ఐడీ కార్డు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. సొంత పేరు, ఫోటో, అన్నీ ఉన్నాయి. అటూ ఇటూ తిప్పి చూసి "అచ్ఛా, గిట్లనా" అన్నాడు. అంతే. ఆ మెట్ల మీద అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మా అమ్మీ అక్బర్ బీ ఇరవై ఏళ్లుగా గల్లీ పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పేది. పదిహేడు మంది వచ్చేవారు. ఆ నెలలోనే అందరూ మానేశారు. అమ్మీ రోజూ సాయంత్రం చాప పరిచి, కాసేపు ఒక్కతే కూర్చుని, మళ్లీ చుట్టేసేది. చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

దావత్‌కు బయలుదేరుతుంటే అమ్మీ బతిమాలింది. "హజ్‌కు పోతున్నడు బేటా. జెర నోరు కట్టుకో. మాఫ్ అంటే అయిపోతది."

"అంటా. ముందుగాల ఆయన్ని అననియ్యి."

మామూ మెడలో దండతో ఆడవాళ్ల గదిలోకి వచ్చాడు. గుమ్మం అవతలే మగవాళ్లు కూర్చున్నారు. అందరి దగ్గరా మాఫీ తీసుకుంటూ నా ముందుకొచ్చాడు.

"కహా సునా మాఫ్ కర్నా, బేటీ."

"ఏం కహా, మామూ? ఏం సునా?"

"ఆఁ?"

"ఏమన్నరో చెప్పుండ్రి. చెప్తే మాఫ్ చేస్తా."

"ఇంటి నిండ మంది ఉన్నరు, తమాషా షురూ చేయకు. అల్లా రహీం. అంతా మాఫ్ చేస్తడు."

"అల్లాకు చేసిన తప్పు అల్లా మాఫ్ చేస్తడు. మాకు చేసింది మేమే చేయాలె. కాబా పట్టుకొని ఏడ్చినా మా వంతు మా దగ్గర్నే ఉంటది."

"నువ్వన్నా చెప్పు దీనికి" అని మామూ అమ్మీ వైపు చూశాడు. నేనూ చూశాను. నాకు భయమేసింది. అమ్మీ పుట్టి బుద్ధెరిగాక అన్నకు ఎదురు చెప్పలేదు.

అమ్మీ లేచి నిలబడింది. "పిల్ల చెప్పింది నా సబఖే, నేను నేర్పిన పాఠమే, భాయ్. ఇరవై ఏండ్లు గదే చెప్పిన. తప్పైతే తప్పని చెప్పు."

మామూ మెడలోని దండ తీసేశాడు. తర్వాత గుమ్మం అవతలివాళ్లకు కూడా వినబడేలా అన్నాడు.

"మసీదు మెట్ల మీద నేను షగుఫ్తా గురించి అన్న మాట తప్పు. పిల్ల ఆఫీసులనే పని చేస్తున్నది. వారంలనే నాకు తెలిసింది. తెలిసి సుత చెప్పలే. నా ఇజ్జత్ పోతదని చెప్పలే."

నాకు జాలేసింది, కాదనను. మాఫ్ అనబోయాను. అమ్మీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మాట సరే, భాయ్. నా పిల్లలు ఏరి? రేపు సాయంత్రం నీ మనవరాలిని చదువుకు తోల్కరా. గల్లీల అందరు చూడంగ తోల్కరా. అప్పుడు చెప్తా."

మా ఇంట్లో మొండిదాన్ని నేనేననుకున్నాను ఇన్నాళ్లూ.

మర్నాడు మామూ మనవరాలి చెయ్యి పట్టుకుని నడివీధిలో వచ్చాడు. నల్లా దగ్గర బిందెలు పట్టుకునేవాళ్లు ఎక్కడికని అడిగితే, "అక్బర్ బీ దగ్గరికి, చదువుకు" అని తన పెద్ద గొంతుతోనే చెప్పాడు. అమ్మీ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మాఫ్, భాయ్. ఖైరియత్‌తోటి, క్షేమంగ పోయిరా. నా కోసం సుత దువా చెయ్యి."

"మాఫ్, మామూ" అని నేనూ అన్నాను. అని, లోపలికి పోయి ఏడ్చాను. సంతోషంతో కాదు. మామూ ఇల్లు మా ఇంటికి నాలుగిళ్ల అవతల. ఆ నాలుగిళ్లు దాటి రావడానికి ఆయనకు మక్కా నుంచి పిలుపు కావలసి వచ్చిందే అన్న కోపంతో.