తెరేసమ్మకు సరిపడా గాలి

టైర్లో గాలి చూడటానికి ఏసుపాదం దగ్గర ఒకటే పద్ధతి. కుడికాలి చెప్పుతో ఒక్క తన్ను తన్ని, చెవి అటు పెట్టి వింటాడు. టంగుమంటే సరిపోయినట్టు. ఆటోనగర్ నుంచి సగం జీవితం లారీ తోలినవాడు, ఆ చెవి తనకు దేవుడిచ్చిన వరమని నమ్మేవాడు. లారీ మానేశాక కొనుక్కున్న చిన్న కారుకు కూడా అదే వైద్యం చేశాడు. పాపం, కారు నోరెత్తలేదు. అందులో కూర్చున్న మనిషి ఎత్తింది.

ఆ మనిషి ఆయన భార్య తెరేసమ్మ. వానాకాలంలో బాత్‌రూములో జారిపడి, వెన్నుపూస చిట్లి, భవానీపురంలోని ఇంట్లో మంచం పట్టింది. సరిగ్గా అప్పుడే కూతురు దీవెనకు నెలలు నిండాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ తల్లే లేవలేకపోతే చేసేదెవరు? చల్లపల్లిలో అత్తగారే పురుడు పోశారు. మనవరాలు ఫోనులోనే నవ్వింది, ఫోనులోనే బోర్లా పడింది. చూసినంతసేపు చూసి, తెరేసమ్మ గోడవైపు తిరిగి పడుకునేది.

ఇప్పుడు లేచి తిరుగుతోంది. పెద్ద కుదుపులు లేకపోతే కారులో వెళ్లొచ్చని డాక్టరు కూడా అన్నాడు. ఇక ఆవిడకు ఒకటే పట్టుదల. తనే చల్లపల్లి వెళ్లాలి, వియ్యపురాలిని నోరారా అడగాలి, కూతుర్నీ పసిదాన్నీ తెచ్చుకుని నాలుగు నెలలైనా ఇంట్లో ఉంచుకోవాలి.

"మీరొక్కరే పోయి బాలింతని తీసుకురావటం మర్యాద కాదండీ. పిలవాల్సింది నేను," అంది.

ఏసుపాదం హుషారుగా బయల్దేరదీశాడు. దూరప్రయాణం కదా అని నాగూర్ గాలి షాపులో ఇంకాస్త గట్టిగా కొట్టించి, నాలుగు టైర్లనూ తన్ని, నాలుగు టంగులూ విని తృప్తిపడ్డాడు. బెంజిసర్కిల్ దాటేదాకా తెరేసమ్మ పళ్ల బిగువున కూర్చుంది. కంకిపాడు దగ్గర రోడ్డుకు వేసిన అతుకొకటి వచ్చింది. లోడు లారీ అయితే దాన్ని లెక్కే చెయ్యదు. కారు ఎగిరిపడింది. "అమ్మా మరియమ్మ తల్లీ!" అని ఆవిడ పెట్టిన కేకకు ఆయన బ్రేకు తొక్కాడు. బండి వెనక్కి తిప్పేశాడు.

ఇంటికొచ్చాక ఆవిడ తిట్టలేదు. "ఇక నేను కారెక్కనండీ. పిల్లని ఫోన్లోనే చూసుకుంటాలే," అంది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు.

గట్టిగా ఉంటే ఎగురుతోంది, కాబట్టి మెత్తగా ఉంటే ఎగరదు. ఇంత తేలిక విషయానికి అంత బాధెందుకని మర్నాడు నాలుగు టైర్లలోనూ గాలి బుస్సున వదిలేశాడు. తెరేసమ్మ కూర్చునే చోట స్టీలు గిన్నెతో నీళ్లు పెట్టి, పరీక్ష చేద్దామని ఒక్కడే యనమలకుదురు దాటి కరకట్ట ఎక్కాడు. గుంతలో దిగినా గిన్నెలో నీళ్లు తొణకలేదు. కారు ఉయ్యాలలా పోతోంది. ఏసుపాదం తన తెలివికి తనే మురిసిపోయి ఈల కూడా వేశాడు.

మలుపులో చెరుకు ట్రాక్టరు ఎదురొచ్చింది. స్టీరింగ్ ఎడమకు తిప్పాడు. కారు వెంటనే తిరగలేదు. బద్ధకంగా ఒక పక్కకు ఒరిగి, ఆలోచించుకుని, అప్పుడు తిరిగింది. ట్రాక్టరు రాసుకున్నంత పని చేసి వెళ్లిపోయింది. ఎడమ చక్రాలు కట్ట అంచున మట్టిలో ఆగాయి. కింద అరటితోట. వెనక్కి చూస్తే సీటంతా నీళ్లు, గిన్నె కింద దొర్లుతోంది. ఆ సీట్లో తెరేసమ్మ ఉంటే? ఆ ఆలోచనకు ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి ఏదీ దాచకుండా చెప్పాడు. తెరేసమ్మ గుండెమీద చెయ్యేసుకుని అంతా విని, చివరికి కోప్పడింది.

"లారీలో ఖాళీ బండికొక గాలి, లోడు బండికొక గాలి అని మీరే చెప్పేవారుగా? మరి సిమెంటు బస్తాలకి కొట్టిన గాలి నాకూ కొట్టి, అది కాదంటే మొత్తం పీకేస్తే ఎట్టాగండీ? నేను సిమెంటు బస్తానా? పోనీ దూదిబస్తానా? ఆ కారు చేసినోళ్లు ఎంత కొట్టాలో ఎక్కడా రాయలేదా?"

రాశారు. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చోటే అంటించారు. కారు కొన్న రోజున ఫాదరుగారు ఆశీర్వదించి ఇచ్చిన మరియమాత బొమ్మను ఏసుపాదం భక్తిగా తెచ్చి, సరిగ్గా దానిమీదే అంటించాడు. ఇప్పుడు లెంపలేసుకుని, గోటితో చిరగకుండా ఊడదీసి డాష్‌బోర్డు మీదికి మార్చాడు. కింద అంకెలు బయటపడ్డాయి. ఇద్దరు ముగ్గురుంటే అన్నిటికీ ముప్పై రెండు. నిండా జనం, సామాను ఉంటే వెనక టైర్లకు ముప్పై ఆరు. బండి నడిచి వేడెక్కకముందే చూడాలని కూడా ఉంది.

పొద్దున్నే సందు చివరి షాపుకెళ్లాడు. "ముప్పై రెండు పెట్టు నాగూరూ. మీటరు నాకూ చూపించు."

నాగూర్ పైపు పట్టుకుని నిలబడిపోయాడు. "ఏంది బాబాయ్, ఇయ్యాళ తన్నవా?"

"నోర్మూసుకుని కొట్టరా," అన్నాడు ఏసుపాదం.

తెరేసమ్మను ఎక్కించటానికి గంట బతిమాలాడు. చివరికి ఆవిడ గిన్నె నిండా నీళ్లు తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. "ఇవి ఒలికితే వెనక్కే," అంది.

కంకిపాడు అతుకు వచ్చింది. ఏసుపాదం ఊపిరి బిగబట్టి నెమ్మదిగా ఎక్కించాడు. నీళ్లు అంచుదాకా వచ్చి, తిరిగి సర్దుకున్నాయి. ఉయ్యూరు మలుపులో బస్సు అడ్డమొస్తే కారు చెప్పినట్టు పక్కకు తిరిగింది. చీర మీద రెండు చుక్కలు పడ్డాయి. ఆవిడ చూసింది, తుడుచుకుంది. పామర్రు దాటాక దాహమేసి ఆ నీళ్లు తాగేసింది.

చల్లపల్లిలో తన కాళ్లమీద తనే దిగింది. దీవెన పరుగున వచ్చి పాపను చేతుల్లో పెట్టింది. ఫోనులో తెలియని బరువు అది. తెరేసమ్మ పిల్ల తలకు చెంప ఆనించి అలాగే నిలబడిపోయింది. తర్వాత వియ్యపురాలి చెయ్యి పట్టుకుని అడగాల్సింది అడిగింది. "మీ పిల్ల, మీ ఇల్లు. రేపు పొద్దున్నే తీసుకెళ్లండి వదినగారూ," అని ఆవిడ అప్పుడే ఉయ్యాల మడత పెట్టించింది.

వాకిట్లో సామాను చేరుతుంటే, అలవాటు చొప్పున వెనక టైరు మీదికి ఏసుపాదం కాలు లేచింది. పాపను ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ తెరేసమ్మ చూసింది.

"ఏవండీ, కాలు దించండి. రేపు మనం ఇద్దరం కాదు, నలుగురం. వెనక గాలి పెంచాలి."

"ఇప్పుడు వేడి మీదుంది," అన్నాడు ఏసుపాదం, కాలు దించి. "పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తాను. ముప్పై ఆరు."