నిండకముందే కదిలిన ఆటో

సిటీకి రైళ్లు మొదలైన కొత్త రైల్వే స్టేషన్‌కు ఒక్క ఆటో కూడా పోకూడదని ఇబ్రహీంపట్నం చౌరస్తా అడ్డాలో తీర్మానం అయింది. చెప్పింది సైదులు. అడ్డాకు పెద్ద అతనే. పోలీసులతో పేచీ వచ్చినా, డ్రైవర్ల మధ్య కొట్లాట వచ్చినా అతని మాటతోనే తెగేది.

"స్టేషన్ ఊరికి గంత దూరం, పొలాల నడుమ కట్టిన్రు" అన్నాడు సైదులు. "దిగినోళ్లు ఎట్ల పోతరు? నడుస్తరు. నాలుగు దినాలు నడిస్తే కాళ్లు గుంజుతయి. మళ్ల మన ఆటోలెక్కే ఎల్బీ నగర్ పోతరు. మనం జర ఓపిక వడితే చాలు."

అందరూ తలలూపారు. మంజుల మాత్రం ఊపలేదు. ఆ అడ్డాలో ఆమె ఒక్కతే ఆడమనిషి, పైగా సైదులు సొంత చెల్లెలు. భవనాలకు రంగులు వేసే ఆమె భర్త రమేశ్ పరంజా మీద నుంచి పడి మంచం పట్టినప్పుడు, చుట్టాలంతా ఏమనుకుంటారోనని జంకకుండా ఆమె చేత ఆటో పట్టించింది అన్నే. తెల్లవారకముందే సాగర్ రోడ్డు మీదికి తీసుకుపోయి, పక్కన కూర్చుని, లారీలు ఎదురొస్తుంటే భయపడకుండా ఎలా తప్పుకోవాలో నేర్పాడు. రమేశ్ కోలుకుని మళ్లీ పనికి పోతున్నా ఆమె ఆటో వదల్లేదు. ఆ పని ఆమెకు నచ్చింది.

ఆదివారం నాడు మంజుల ఎవరికీ చెప్పకుండా వెళ్లి రైలెక్కింది. ఆమెకు అది తన కళ్లతో చూడాలనిపించింది. ఇన్నేళ్లూ తాను జనాన్ని మోసిందే తప్ప, తనను ఒకరు మోసుకుపోతుంటే కిటికీ పక్కన ఊరికే కూర్చున్నది లేదు. రైలు ఎక్కడా హారన్ల గోలలో ఇరుక్కోలేదు. బోగీలో ఒకామె కూరగాయలు తరుక్కుంటోంది. ఇంకొకామె హాయిగా కునుకు తీస్తోంది. ఆదివారమే బోగీ ఇంత నిండిందంటే పనిరోజుల్లో ఎలా ఉంటుందో మంజులకు అర్థమైంది. ఇక ఈ జనం వెనక్కి రారు.

తిరుగు ప్రయాణంలో నిర్మల పరిచయమైంది. సిటీలో ఒక దవాఖానలో నర్సు. స్టేషన్ అవతల కొత్తగా వెలిసిన కాలనీలో ఉంటుంది. మంజుల తాను ఆటో నడుపుతానని చెప్పింది. ఇద్దరూ కలిసి దిగారు. స్టేషన్ బయట ఎర్రమట్టి రోడ్డు, రెండు వైపులా కంది చేలు. నిర్మల చీర కుచ్చెళ్లు కొంచెం పైకి దోపుకుని నడక మొదలుపెట్టింది.

"ఆటో దొరికితే ఎక్కుతవా అక్కా?" అని అడిగింది మంజుల.

నిర్మల నవ్వింది. "ఉంటే గద ఎక్కేది. ఉన్నా ఏం ఫాయిదా చెల్లె? మీ ఆటోలు నిండేదాంక కదలవు. రైల్ల మిగిలిన టైమంత ఆటోల కూసునుడుకే అయితది. దానికంటే నడుసుడే నయం."

ఆ మాట మంజులకు సూటిగా తగిలింది. నిజమే. ముందు ఇద్దరు, వెనుక ముగ్గురు, ఆపైన ఒడిలో ఒకరు అయితే గానీ తాము హ్యాండిల్ పట్టరు. ఎక్కినవాళ్లు "పోనీయ్ అన్నా" అని గొణుగుతుంటే వినీ విననట్టు ఉంటారు. ఇన్నాళ్లూ ఎల్బీ నగర్ పోయేవాళ్లు ఓర్చుకున్నారేమో గానీ, టైముకు వచ్చే రైలుకు అలవాటుపడ్డ మనిషి ఓర్చుకోడు.

ఆ సాయంత్రమే అన్న ఇంటికి పోయింది.

"అన్నా, నేను రేపటి సంది స్టేషన్ కాడ బండి పెడుతున్న."

సైదులు తింటున్న పళ్లెం పక్కకు జరిపాడు. "మతి ఉండే మాట్లాడుతున్నవా? నిన్ననే గద అందరం అనుకున్నది."

"మీరనుకున్నరు. నేను అవ్ అనలే."

"నా చెల్లెలే నా మాట దాటితే అడ్డాల నాకు ఇజ్జతేముంటది?"

"నీ ఇజ్జత్ తీస్తలేనన్నా. జనం రైలు మరిగిన్రు. ఇగ మన ఆటోల ఎల్బీ నగర్ దాంక రారు. స్టేషన్ కాడికెళ్లి ఇంటికి తోలుకపోయేటోళ్లు గావాలె వాళ్లకు. గది మనమే ఎందుకు గావద్దు?"

"పో. పోయి చూడు" అన్నాడు సైదులు. "మళ్ల ఈ అడ్డాల వరుసల నంబర్ అడగకు."

"అడగ" అంది మంజుల. మాట గట్టిగానే వచ్చింది గానీ, గేటు దాటాక కళ్లు చెమర్చాయి. తుడుచుకుని ఇంటికి పోయింది.

మర్నాడు సాయంత్రం రైలు ఆగగానే స్టేషన్ మెట్ల దగ్గర నిలబడి గట్టిగా చెప్పింది: "కాలనీ మీదికెళ్లి ఇబ్రహీంపట్నం చౌరస్తా దాంక! ఎంత మందున్నా సరే, ప్లాట్‌ఫారం ఖాళీ కాంగనే కదులుతది."

జనం అనుమానంగా చూశారు. ఎవరు నమ్ముతారు? నిర్మల, ఆమె వెంట ఒక ముసలాయన, ఇద్దరే ఎక్కారు. అన్నట్టే మంజుల బండి కదిలించింది. కాలనీలో ఆ ఇద్దరినీ దింపి చౌరస్తా దాటుతుంటే అడ్డాలో డ్రైవర్లు ఖాళీ ఆటోను చూసి ఈలలు వేశారు. సైదులు అటు తిరిగి టీ తాగుతూ ఉండిపోయాడు.

"డీజిల్ ఊకెనే కాలవెడుతున్నవ్" అన్నాడు రమేశ్ ఆ వారం. "మీ అన్నతోని మాట్లాడుకుంటే గాదా?"

"జర ఆగు. నమ్మనీయ్ వాళ్లను. ఒక్కసారి నమ్మితే ఇగ విడువరు" అంది మంజుల.

పొద్దున కూడా అదే పద్ధతి పెట్టింది. రైలు టైముకు ముందు కాలనీ వీధుల్లో తిరిగి రెండుసార్లు హారన్ కొట్టేది. బయటికి రాని ఇంటి ముందు మూడోసారి కొట్టేది కాదు. మొదట్లో ఇద్దరికి నచ్చలేదు. తర్వాత వాళ్లే హారన్ వినపడకముందే గేటు దగ్గర నిలబడటం మొదలుపెట్టారు. సిటీ నుంచి వచ్చే పొద్దుటి రైలు దిగి రావిర్యాల వైపు కంపెనీలకు పోయే ఆడపిల్లలు ఎక్కసాగారు. భార్యను దింపడానికి రోజూ నిద్రమొహంతో బైకు తీసే ఒక భర్త చేతులెత్తి దండం పెట్టాడు. నెల తిరిగేసరికి ఒక్క బండి చాలడం లేదు. మెట్ల దగ్గర మిగిలిపోతున్నవాళ్లను చూస్తే మంజులకు ఒకవైపు సంతోషంగానూ ఒకవైపు మనసు పీకుతున్నట్టుగానూ ఉండేది.

శ్రావణంలో ఒక రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టింది. సాయంత్రం రైలు వచ్చేసరికి వాన కుండపోతగా పడుతోంది. ఆలస్యంగా వచ్చిన ఆ రైలు నిండా జనమే. మట్టి రోడ్డు బురదయి బైకులేవీ రాలేకపోయాయి. చంటిపిల్లల్ని కొంగుకింద దాచుకున్నవాళ్లు, ఆఫీసు సంచులు నెత్తిన పెట్టుకున్నవాళ్లు అందరూ ఒకే రేకు కప్పు కింద ఒదిగి నిలబడ్డారు. కంటి ఆపరేషన్ చేయించుకుని పట్టీతో వచ్చిన రాధమ్మ అనే ముసలామెను మంజుల ముందుగా ఎక్కించింది. ఆమె చుట్టూ పిల్లల తల్లుల్ని సర్దింది. మిగిలినవాళ్లంతా తన ముఖమే చూస్తున్నారు.

అక్కడే నిలబడి అన్నకు ఫోన్ చేసింది. గొడవపడ్డ ఆ సాయంత్రం తర్వాత అన్నతో మాట్లాడటం ఇదే మొదటిసారి.

"అన్నా, నేను."

"చెప్పు."

"స్టేషన్ కాడ మస్తు మంది చిక్కుకున్నరు. పసిపిల్లలున్నరు, ఆపరేషన్ అయిన ముసలామె ఉంది. నా ఒక్క బండి సరిపోదు."

"నీ స్టేషన్, నీ గిరాకి. నన్నెందుకు పిలుస్తున్నవ్?"

"గిరాకి ముచ్చట కాదన్నా గిది. నువ్వొస్తే డ్రైవర్లందరొస్తరు. నేను పిలిస్తే రారు. గందుకే నిన్ను పిలుస్తున్న."

ఫోన్ కట్ అయింది. వస్తాడో రాడో తెలియలేదు. మంజుల బండి తీసింది. బురదలో చక్రం జారకుండా, ఒక్కో ఇంటి ముందు ఆపుకుంటూ, రాధమ్మను చెయ్యి పట్టుకుని అరుగు ఎక్కించి వెనక్కి తిప్పింది.

స్టేషన్ రోడ్డు మలుపులో ఆమెకు వానలోంచి లైట్లు కనపడ్డాయి. ఒకటి కాదు, బారుగా ఆటోలు. ముందున్నది సైదులు బండి. దాని వెనక బురదలో దిగబడిన ఇంకో ఆటోను అతను ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి వెనక నుంచి నెడుతున్నాడు. నోరు మాత్రం ఆగడం లేదు, డ్రైవర్లను తిడుతూనే ఉన్నాడు. మంజుల తన బండి ఆపి దిగింది. అన్న పక్కన నిలబడి తానూ భుజం ఆనించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బండి మాత్రం బురదలోంచి బయటపడింది. చీకటి బాగా ముదిరేలోపే ప్లాట్‌ఫారం మీద ఒక్కరు కూడా మిగలకుండా అందరూ ఇళ్లకు చేరారు.

తెల్లారి మంజుల స్టేషన్‌కు వచ్చేసరికి సైదులు ఆటో అక్కడే ఉంది. అతని వెనుక ఇంకో నాలుగు. సిటీ నుంచి పొద్దుటి రైలు వచ్చింది. సైదులు బండిలో ఇద్దరెక్కారు. అలవాటు ప్రకారం అతను కిందికి దిగి, బండికి ఆనుకుని, "రావిర్యాల, రావిర్యాల" అని కేకలు మొదలుపెట్టాడు.

మంజుల దగ్గరికి పోయింది. "అన్నా, కదులు."

"ఇద్దరే ఉన్నరు గదనే."

"ఇద్దరున్నా కదలాలె. గీ అడ్డా గట్లనే నడుస్తది."

వెనకున్న డ్రైవర్లు దగ్గరికి జరిగారు. సైదులు కనుబొమలు ముడివేశాడు. "నాకే నేర్పుతున్నవా?"

"అవ్, నేర్పుతున్న" అంది మంజుల. గొంతులో కోపం లేదు, జంకు అంతకన్నా లేదు. "బండి నడుపుడు నువ్వు నేర్పినవ్. నేను ఇన్న. గిది నేను చెప్తున్న, నువ్విను. వాళ్లు మనల్ని చూసి ఎక్కుతలేరు, టైమును చూసి ఎక్కుతున్నరు. నువ్వు ఒక్కనాడు ఆలస్యం చేస్తే నేను నెల దినాలు చేసింది మట్టిల గలుస్తది."

లోపల కూర్చున్న ఇద్దరు ప్రయాణికులు కూడా ఏమవుతుందోనని తొంగి చూశారు. సైదులు సీటు మీద కూర్చుని, ఇంజన్ స్టార్ట్ చేసి, బండి తిప్పుకుని పోయాడు. తిరిగి వచ్చాక బండి వరుసలో చివర పెట్టి, "తోవల ఇంకిద్దరు ఎక్కిన్రు" అన్నాడు ఎటో చూస్తూ. ఆ మాటతో అన్న ఒప్పుకున్నట్టేనని మంజులకు అర్థమైంది.

కొన్నాళ్లకు స్టేషన్ దగ్గర బండ్లు పెరిగాయి. ఎవరి వంతు ఎప్పుడో, ఏ బండి ఏ వైపు పోవాలో చెప్పే మనిషి కావలసి వచ్చింది. డ్రైవర్లంతా సైదులు వైపు చూశారు.

"నన్ను చూస్తరేంది? గీడ పెద్ద మా చెల్లె" అన్నాడు అతను.

మంజుల మొహమాటపడలేదు. అడ్డా పెద్దగా తన మొదటి మాట అక్కడే చెప్పింది.

"ఐతారం నాడు అందరు పారలు వట్టుకుని రావాలె. ఇంకో వాన వచ్చేలోపట ఈ రోడ్డుకు మొరం పోస్తున్నం. అన్నా, ట్రాక్టర్ నీ దోస్తుదే గద, నువ్వు మాట్లాడు."

"మాట్లాడుత" అన్నాడు సైదులు, అప్పుడే ఫోన్ తీస్తూ.