అన్నయ్య గీసిన బావి

ఆమె యథాప్రకారం పరిశోధన పత్రం చివరి పేజీయే తెరిచింది. తమ అంతర్జాతీయ సంస్థ వేసిన నివేదికలను ఏ దేశంలో ఎవరు తమ పరిశోధనల్లో ఉదహరించారో లెక్క తేల్చడం గ్రంథాలయంలో ఆమె ఉద్యోగం. ఆ ఆధారాల పట్టిక ఎప్పుడూ చివరే ఉంటుంది. ఇంట్లో నవలలు కూడా వెనకనుంచే చదువుతుందని అన్నయ్య ఏడిపించేవాడు.

ఆయనదీ ఇదే సంస్థ. కింది అంతస్తులో పటాలు గీసేవాడు. మధ్యాహ్నం ఇద్దరూ మెట్లమీద కూర్చుని ఒకే డబ్బాలోది పంచుకు తినేవారు. ఎంత బాగుండేవో ఆ రోజులు! ఆయన పేరుతో అచ్చయింది మంచినీటి బావుల మీద పల్చటి నివేదిక ఒక్కటే. ఏటా లెక్కల వేళకు పైకొచ్చి, "ఈసారైనా ఎవరన్నా నా పేరెత్తారా?" అనేవాడు. "ఇంకా లేదు, వస్తుందిలే అన్నయ్యా" అనేది. రిటైరయి మంచం పట్టినా ఆ ప్రశ్న మానలేదు.

ఇవాళ ఓ కొత్త పరిశోధన పత్రం చివర ఆ పేరు కనబడింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. అన్నయ్యే! సంతోషం పట్టలేక, ఎన్నడూ లేనిది పత్రం లోపలికి వెళ్ళి చదివింది. ఆ నివేదిక ఒక బావిని కాలువకు అవతలి గట్టున చూపించిందనీ, అది తప్పనీ రాశారు.

తిట్టినా పొగిడినా లెక్కకు ఒకటే. ఆమె ఒకటి వేసుకుంది. కానీ ఇవాళో రేపో అన్నట్టున్న మనిషికి ఏమని చెప్పడం?

సాయంత్రం ఆయన నివేదిక చంకన పెట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళింది. వదిన తలుపు తీసి, "పొద్దున్నుంచీ మాటా పలుకూ లేదు. నువ్వయినా పలకరించు" అంది.

"అన్నయ్యా, వచ్చింది."

ఆయన కళ్ళు తెరిచాడు. "ఏమన్నారే?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్ళూ ఎవరో పేరెత్తారని ఆయనకు ఉత్తుత్తిగా చెప్పడం ఆమెకు చేతకాలేదు. ఇవాళా కాలేదు.

"కాలువ దగ్గర బావి తప్పు గీశావట."

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"ఆరోజు నాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. వెళ్ళకుండానే గీసేశాను. అయితే నా పటం పట్టుకుని ఎవరో అక్కడిదాకా నడిచారన్నమాట! పాపం, కాలువ దాటి తిట్టుకునుంటారు."

పెన్సిలు అడిగాడు. ఆమె నివేదికలో ఆ పటం తీసి, నీలం పెన్సిలు చేతికిచ్చింది. వదిన వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. పాత గుర్తు కొట్టేసి, ఇవతలి గట్టున చిన్న సున్నా చుట్టి, "అమ్మయ్య" అన్నాడు. ఆమె వంటింట్లోంచి నీళ్ళు తెచ్చేసరికి ఆయన కళ్ళు మూతపడ్డాయి. మళ్ళీ తెరవలేదు.

దుప్పటిమీద నివేదిక తెరిచే ఉంది. నీలం పెన్సిలు సున్నాలో, బావి ఇప్పుడు ఉండాల్సిన చోటే ఉంది.