కోరం లేని లిఫ్టు

మా అపార్ట్‌మెంటు లిఫ్టు ఆగిపోయి నెల దాటింది. బాగు చేయించాలంటే సంఘం మీటింగు తీర్మానించాలి. మీటింగు చెల్లాలంటే కోరం ఉండాలి, అంటే సగం మంది సభ్యులైనా రావాలి. పై అంతస్తులవాళ్లు లిఫ్టు లేక దిగరు. కింది అంతస్తులవాళ్లు లిఫ్టుతో పనిలేక రారు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు!

మేముండేది ఐదో అంతస్తు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఎదురు భవనంలో ఆవిడ అక్క, మా పెద్దత్తయ్య ఉంటుంది. వాళ్ల లిఫ్టు బాగానే ఉంది గానీ, ఆవిడ గుండె జబ్బు మనిషి, మా మెట్లెక్కకూడదు. ఇద్దరూ బాల్కనీల్లో నిలబడి చేతులూపుకుంటూ ఫోన్లో మాట్లాడుకుంటారు. ఆదివారం పెద్దత్తయ్య వేరే ఊళ్లో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. ఈలోగా ఒక్కసారైనా అక్క పక్కన కూర్చోవాలని మా అత్తగారి ఆరాటం.

"కుర్చీలో కూర్చోబెట్టి దింపుతామమ్మా" అన్నారు మావారు.

"నలుగురూ మోసే రోజు ఎలాగూ వస్తుందిరా. ఇప్పట్నుంచే తొందరెందుకు?" అంది ఆవిడ.

గురువారం మీటింగుకి నేను దిగి వెళ్లాను. ఖాళీ కుర్చీల మధ్య సెక్రటరీగారు ఒక్కరే ఉన్నారు. రిటైరైన లెక్చరరు. నన్ను చూసి, "కోరం లేదమ్మా, వాయిదా" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"అసలేమిటండీ ఆ కోరం?"

ఆయన మొహం వెలిగిపోయింది. పాఠం చెప్పే అవకాశం వచ్చి ఎన్నాళ్లయిందో! "లాటిన్ మాటమ్మా. 'ఎవరిలోనైతే' అని అర్థం. పూర్వం ఇంగ్లండులో న్యాయాధికారుల్ని నియమించేటప్పుడు, వీళ్లలో ఫలానావాళ్లు ఒకరైనా కూర్చోవాలి, లేకపోతే చెల్లదు అని రాసేవారు. అలా వచ్చింది."

"అంటే ఎంతమందన్నది కాదు, ఎవరన్నది ముఖ్యం. మరి లిఫ్టు మీటింగుకి లిఫ్టు లేక దిగలేని మనిషి ఉండక్కర్లేదా?"

ఆయన ఫైలు చంకలో పెట్టుకున్నారు. "పదమ్మా" అన్నారు.

మూడో అంతస్తుకే ఆయన ఆయాసం విని తలుపులు తెరుచుకున్నాయి. ఏం జరుగుతోందోనని జనం వెంటపడ్డారు. మా గుమ్మం ముందు లెక్కపెడితే సరిగ్గా సగం మంది తేలారు. సెక్రటరీగారు మాత్రం గోడకి జారబడ్డారు.

"ముందాయనకి నీళ్లివ్వవే" అని అత్తగారు నన్ను కసిరింది. "ఆయన పోతే మళ్లీ కోరం తగ్గుతుంది."

తీర్మానం నవ్వుల్లోనే పాసయింది. శనివారం సాయంత్రానికి లిఫ్టు కదిలింది. కొత్త చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని, అత్తగారు రోడ్డు దాటింది. అక్కని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇదేమిటే అక్కా, ఇలా చిక్కిపోయావు? బాల్కనీలో నిండుగా కనిపించేదానివి కదే!"

"లోపల రెండు స్వెట్టర్లు వేసుకుని నిలబడేదాన్నే" అంది పెద్దత్తయ్య. "చూస్తే దిగులు పడతావని."