కత్తిరించని ఊపిరి

పద్దెనిమిదేళ్లుగా అతన్ని అందరూ తోక అనే పిలిచారు. ర్యాపర్ ఉరుము పాదం ఎత్తుకుని, చివరి మాట దగ్గర ఊపిరి పీల్చుకునేవాడు. ఆ మాటను అందుకుని పూర్తిచేయడం తోక పని. రికార్డింగ్ అయ్యాక, పాటలో ఇంకెక్కడ ఊపిరి వినబడినా కత్తిరించి పారేసే పనీ తోకదే.

"మన ఆయాసం జనానికి వినబడిందంటే ఓడిపోయినట్టేరా," అనేవాడు ఉరుము.

ఇప్పుడు ఉరుము విరమిస్తున్నాడు. వీడ్కోలు ఆల్బమ్‌లో పదకొండు పాటలు. ఆఖరి పాటలో చివరి ఎనిమిది పాదాలను తన తర్వాతివారికి అప్పగిస్తానన్నాడు. అవి తనకే వస్తాయని తోక ఎనిమిది పాదాలు ఎప్పుడో రాసుకున్నాడు. చొక్కాలు మారాయి గాని జేబులోని ఆ కాగితం మారలేదు.

"ఆ ఎనిమిదీ మన బస్సమ్మాయి పాడుతుంది," అన్నాడు ఉరుము, టీ కప్పు కింద పెడుతూ.

తోక చెయ్యి జేబులోని కాగితం మీదికి పోయింది.

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి, సిటీ బస్సు డ్రైవరు యూనిఫాంతోనే వచ్చిందా పిల్ల.

"నమస్తే అన్నా!" అంది ఉరుముతో. తోకవైపు తిరిగి, "బాబాయ్, ఆ మైకు కాస్త కిందికి దించుతారా?"

తనకంటే పదేళ్లు పెద్ద ఉరుమేమో అన్న! తనేమో బాబాయి!

తాను రాసుకొచ్చిన ఎనిమిది పాదాలూ ఒక్క విడతలో పాడేసింది. బాగాలేకపోతే ఎంత బాగుండేది! బాగుంది. అందుకే కడుపు మండింది.

ఆమె వెళ్లాక తోక మిక్సింగ్‌కు కూర్చున్నాడు. ఉరుము పాదాల్లో ఊపిర్లన్నీ అలవాటుగా తీసేశాడు. ఆమె ఊపిర్ల దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ఒక్కటీ తీయలేదు, పైగా ఒక్కోదానికీ కాస్త శబ్దం పెంచాడు. వినగానే ఉరుము ముఖం చిట్లిస్తాడు, పిల్లను తీసేస్తాడు, ఖాళీ అయిన ఎనిమిది పాదాలకు జేబులో కాగితం సిద్ధంగా ఉంది.

ఉరుము కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ విన్నాడు. ముఖం చిట్లించలేదు.

"ఊపిర్లు వదిలేశావేంరా?"

"పొరపాటున... ఇప్పుడే తీసేస్తానన్నా."

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా! ఆ పిల్ల బతికుందిరా పాటలో. నేనే, పదకొండు పాటల్లోనూ టేపురికార్డర్‌లా ఉన్నాను." ఉరుము గొంతు తగ్గింది. "నా ఊపిర్లు ఉన్నాయా, పారేశావా?"

"అసలు ట్రాకుల్లో ఉన్నాయన్నా."

"అన్నీ తిరిగి పెట్టు. నేనూ మనిషినేనని పోయేముందైనా తెలియనీ."

"పాదం చివర మీ ఊపిరి మీద నా మాట ఉంది కదన్నా?"

"నీ మాట తీసెయ్. ఖాళీగా ఉండనీ, జనమే పూరిస్తారు." ఉరుము లేచి, తోక భుజం గట్టిగా నొక్కాడు. "ఇన్నేళ్లకు మంచి పని చేశావురా. నీ చెవే చెవి!"

ఆ మెచ్చుకోలు కోసం పద్దెనిమిదేళ్లు కాచుకున్నాడు. తీరా అది వచ్చాక, ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. అది తన కుళ్లు అని చెప్పలేడు, తన కళ అని చెప్పుకోలేడు.

ఉరుము వెళ్లిన కాసేపటికి ఫోన్ మోగింది. బస్సమ్మాయి. "బాబాయ్, అన్న చెప్పారు. ఎవరైనా కోసేసేవాళ్లే. మీరు ఉంచారట! చాలా థాంక్స్!"

"ఆఁ," అన్నాడు తోక. ఫోన్ పక్కన పెట్టాడు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాట తర్వాత పాట, తన గొంతును తానే చెరిపాడు. చెరిపిన ప్రతిచోటా ఉరుము ఊపిరి పైకి తేలింది. ఆఖరి పాటలో తన ఆఖరి మాటకు ముందు మరో ఊపిరి వినబడింది, సన్నగా, తొందరగా. మాట అందుకోబోతూ తాను పీల్చినది.

మాటను చెరిపాడు. ఆ ఊపిరిని ఉండనిచ్చాడు. ఎవరైనా అడిగితే, ఉరుముదనే చెబుదామనుకున్నాడు.