సూదిమామ పెట్టిన గొట్టం

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో పెద్ద డాక్టరుగారిని నర్సులంతా చాటుగా సూదిమామ అంటారు. ఎవరికీ దొరకని నరం ఆయనకు దొరుకుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, చిక్కల్లా అక్కడే. నేను కింది అంతస్తులో ల్యాబ్ డాక్టర్ని. పిల్లల ముఖాలు నాకు తెలియవు, వాళ్ల రక్తం పోసిన సీసాలే తెలుసు. నాకు అదే హాయి.

ఆ వార్డులో అరచేతిలో ఇమిడేంత పాప ఒకతి ఉండేది. పాలు అరగవు కాబట్టి తిండీ మందూ అన్నీ నరంలోకే పోవాలి. సూదిమామ ఒక పూటంతా చెమటలు కక్కి, దారమంత సన్నని గొట్టాన్ని చేతి నరంలోంచి గుండె దగ్గరిదాకా పంపాడు. తల్లిని పిలిచి, "ఈ గొట్టమే మీ పాప ప్రాణమమ్మా, కంటికి రెప్పలా చూసుకోండి" అన్నాడట. ఆవిడ ఆ మాట తు.చ. తప్పలేదు. చెయ్యి కడుక్కోకుండా ఎవరు దగ్గరికొచ్చినా, నర్సని కూడా చూడకుండా దులిపేసేది.

కొన్నాళ్లకు పాప మందగించింది. మధ్యమధ్య ఊపిరి తీయడం మానేస్తోందని రక్తం రెండు సీసాల్లో నాకు పంపారు. సీసాలో క్రిమి ఏదైనా పెరిగితే మెషిన్ కూస్తుంది. మర్నాడు ఉదయం ఒక సీసాకి కూత పెట్టింది. చుక్క తీసి మైక్రోస్కోపులో చూస్తే గుండ్రటి కణాలు, వాటికి మొగ్గలు. వెంటనే సూదిమామకి ఫోన్ చేశాను.

"పాప రక్తంలో ఫంగస్ ఉందండీ."

"రక్తం తీసేటప్పుడు చర్మం మీదిది అంటుకుని ఉంటుంది మేడమ్. మళ్లీ పంపిస్తాం లెండి."

"ఫంగస్‌ని అలా కొట్టిపారేయడానికి లేదు. మందు మొదలెట్టండి, గొట్టం తీసేయండి."

"మందు ఇస్తాను. గొట్టం సంగతి తర్వాత చూద్దాం. అది పెట్టడానికి ఎంత తంటాలు పడ్డానో మీకేం తెలుసు?"

నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్ల పైపులో పాకుడు పట్టినట్టు ఫంగస్ ఆ గొట్టాన్ని పట్టుకుని కూర్చుంటుంది. మందు దాన్ని సరిగ్గా చేరదు. ఈ సంగతి ఆయన చదువుకోనిది కాదు. తన చేతి పని మీద మమకారం, అంతే.

సాయంత్రం రెండో సీసాకి కూడా మెషిన్ కూసింది. ఈసారి ఫోన్ ముట్టుకోలేదు, మెట్లెక్కాను. నేను వెళ్లేసరికి పాప మరీ నీరసించిందని సూదిమామే గొట్టం తీయడానికి గ్లవుజులు తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. కానీ పాప పడుకున్న అద్దాల పెట్టెకు తల్లి అడ్డంగా నిలబడి ఉంది.

"ముట్టుకోకండి! ఇదే ప్రాణమని చెప్పింది మీరే కదా. ఇప్పుడు మీరే పీకేస్తానంటారేంటి?"

"అప్పుడు అదే ఆధారమమ్మా. ఇప్పుడు దానికి ఫంగస్ పట్టింది. అక్కణ్నుంచే రక్తంలోకి పోతోంది."

"తీసేస్తే మందులెలా పోతాయి? నరాలే దొరకట్లేదన్నారుగా?"

"చిన్న సూదులతో ఎక్కిస్తాం. రోజూ నేనే వెతుకుతాను."

ఆవిడ కదల్లేదు. "ఇదంతా మీకు ఎప్పుడు తెలిసింది?"

'ఇప్పుడే' అని ఆయన అనేస్తే సరిపోయేది. నేను కాదనేదాన్ని కాదు. నాకు కావలసింది గొట్టం బయటికి రావడం, అంతే.

"పొద్దున్నే తెలిసింది. తీసేయమని ఈ మేడమ్ పొద్దున్నే చెప్పారు. నేనే వినలేదు" అన్నాడాయన.

అరుస్తుందేమో అనుకున్నాను. ఆవిడ సింకు దగ్గరికెళ్లి మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. "తీయండి. పాపని నేను పట్టుకుంటాను" అంది. గొట్టం ఇట్టే వచ్చేసింది.

తర్వాత పాపకి రోజూ సూదిపోట్లే. ఒక్కోసారి సూదిమామకే నరం దొరికేది కాదు. ఆయన పక్కకు జరిగి, ఇంకొకర్ని చూడమనేవాడు. ఫంగస్ కళ్లకీ గుండెకీ పాకలేదని పరీక్షల్లో తేలింది. నేను సీసాలు చూస్తూ కూర్చున్నాను. చివరికి గడువు దాటినా మెషిన్ కూయలేదు. రక్తం శుభ్రపడిందని చెప్పడానికి వార్డుకు ఫోన్ చేశాను. సూదిమామ విని, "మీరే చెప్పండి మేడమ్, నేను చెబితే నమ్మరు" అని ఫోన్ తల్లికిచ్చాడు.

"ఈసారి ఏమీ పెరగలేదమ్మా. పాప రక్తంలో ఫంగస్ లేదు."

"ఎంతసేపయింది మీకు తెలిసి?"

"ఇప్పుడే. చూడగానే చేశాను."

అవతల ఆవిడ భోరుమంది. చెప్పాల్సిన రిపోర్టు చెప్పేశాను. అయినా ఫోన్ పెట్టేయలేదు.