నువ్వు కట్టని ఇల్లు

మా సంఘంలో జనవరి ఒకటో తేదీ ఆరాధన అయ్యాక వాగ్దానం కార్డులు తీయిస్తారు. స్టీలు పళ్ళెంలో బోర్లా పరిచి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అందులో ఏ మాట ఉంటే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. మావాళ్ళు రేషన్ కార్డు పారేసుకుంటారు గాని ఆ కార్డు పారేసుకోరు.

రెండువేల ఏడులో నాకు ఓర్పు గురించి వచ్చింది. ఎప్పుడూ నాకలాంటివే వస్తాయి. మా ఆవిడ రోజలిన్‌కి మాత్రం, నువ్వు కట్టని ఇల్లు నీకిస్తానని వచ్చింది.

"సిస్టర్ రోజలిన్‌కి ఇల్లు!" అని పాస్టరు వరప్రసాదరావు మైకులో అరిచాడు. చప్పట్లే చప్పట్లు. ఇరవై ఏళ్ళుగా అనకాపల్లి, కశింకోట చుట్టూ ఇళ్ళు కడుతున్న తాపీమేస్త్రిని నేను. నాకెవడూ ఒక్క చప్పట కొట్టలేదు.

అప్పటికే మాకు ప్రభుత్వం ఇల్లు మంజూరైంది. పునాది వేశాను. సిమెంటు బస్తాలూ ఇచ్చారు. మార్చి నెలాఖరుకి గోడలు లేవకపోతే ఇల్లు రద్దని ఇంజనీరు చెప్పి వెళ్ళాడు. బస్తాల మీద ఎర్ర రంగుతో 'రో' అని రాసి పాకలో పేర్చాను. అయిదో తరగతిలోనే బడి మానేసినా ఆ ఒక్క అక్షరం గుండ్రంగా రాస్తాను.

ఫిబ్రవరిలో పాస్టరు సబ్బవరం రోడ్డులో మేడ మొదలెట్టాడు. మార్చి రెండో వారంలో నన్ను సేవకి పిలిచాడు. సేవంటే కూలి పరలోకంలో ఇస్తారు. వెళ్ళనంటే రోజలిన్ అన్నం పెట్టదు గనక వెళ్ళాను. రెండోరోజు మాతో పనిచేసే ఎర్రయ్య బస్తా విప్పబోయి ఆగాడు.

"బావా, ఈ అచ్చరం నీది కాదేటి?"

నాదే. తాపీ అక్కడే పడేసి ఇంటికొచ్చాను.

"ఒలే, బస్తాలేయి?"

"అయ్యగారింటికి అంపేసేను." ఉప్పు బదులిచ్చినంత తేలిగ్గా చెప్పింది.

"మరి మనిల్లు?"

"దేవుడిత్తానన్నది కట్టని ఇల్లు. మనం కట్టేసుకుంటే ఆయన మాట ఏటైపోవాల? సిమెంటు దాసుకున్నామంటే నమ్మకం నేకపోయినట్టేనని అయ్యగారు సెప్పేరు."

"ఆయన కట్టుకుంతన్నాడు కదే!"

"అయ్యగారికొచ్చిన వాక్యం ఏరే."

మర్నాడు పొద్దున్నే ఎర్రయ్యనీ, ఒక లగేజీ ఆటోనీ తీసుకుని వెళ్ళాను. పాస్టరు కుర్చీ వేసుకుని గోడలు చూసుకుంటున్నాడు.

"బ్రదర్ రూఫస్, దేవుడికిచ్చింది వెనక్కి అడుగుతారా?"

"దేవుడికి కాదండి, మీ పోర్టికోకి."

కూలీలు కిసుక్కుమన్నారు.

"మాటిచ్చినవాడు నమ్మదగినవాడు. ఓర్పు కావాలి బ్రదర్."

"ఓర్పు నా కార్డులోదండి. ఇల్లు మా ఆవిడ కార్డులోది."

ఆయన రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకుని, నా కఠిన హృదయం గురించి ప్రార్థన మొదలెట్టాడు. ఆయన ప్రార్థన పొడవెంతో నాకు తెలుసు. ఆమెన్ అనేలోపు బస్తాలన్నీ ఆటో ఎక్కించేశాం. అప్పటికే ఆయన స్తంభాల్లో కలిసిపోయినవి మాత్రం అక్కడే ఉండిపోయాయి.

ఆటో చూడగానే రోజలిన్ వెళ్ళి మా పునాది మీద కూలబడింది.

"నన్ను తొక్కి కట్టు. నీ వల్ల దేవుడు అబద్ధాలకోరైపోతాడు!" అని ఏడుపు.

కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఇంజనీరు పెట్టిన గడువు ఇరవై రోజులే ఉంది. దేవుడి పరువు నిలబెట్టే పూచీ ఈమె నెత్తిన ఎవరు పెట్టారో!

"ఒలే, ఆ కార్డు ఎవులు తీసేరు?"

"నాను."

"అయితే నువ్వు కట్టకు. ఇటిక ముట్టకు. నాను కడతాను. నీకది నువ్వు కట్టని ఇల్లే కదా?"

ముక్కు చీదుకుని లేచింది.

అన్నమాట ప్రకారం ఇటుక ముట్టలేదు. గోడలు తడపడానికి చెంబుడు నీళ్ళు కూడా అందించలేదు. బైబిల్ ఒళ్ళో పెట్టుకుని నీడలో కూర్చుంది. సిమెంటు చాలక వెనక గోడ మట్టితో లేపాను. నెలాఖరుకి ఇంజనీరు వచ్చి, టేపు పట్టి, రాసుకుని వెళ్ళాడు. ఇల్లు నిలిచింది.

మళ్ళీ జనవరి ఒకటిన రోజలిన్ సాక్ష్యం చెప్పింది.

"నాను ఒక్క ఇటిక ముట్టనేదు. తండ్రి నాకు ఇల్లిచ్చేడు!"

"మన దేవుడు మాట తప్పడు!" అన్నాడు పాస్టరు. మళ్ళీ చప్పట్లు. సిమెంటుకి చెక్కుకుపోయిన నా చేతులు వెనక వరసలో ఉన్నాయి. వాటివైపు ఎవరు చూస్తారు?

ఇంటికొచ్చాక అద్దం కట్టించిన కార్డు తీసింది. సుత్తి, మేకు నా చేతిలో పెట్టింది.

"నువ్వే కొట్టు. నాను కొడితే కట్టినట్టైపోద్ది."

వెనక గోడ చూపించింది. అది మట్టి గోడ, మేకు ఆగదని నాకు తెలుసు. అక్కడే కావాలంది. కొట్టాను.